ప్లైవుడ్ కొట్టకముందే వైరు సంగతి చూడండి: బస్సును ఇల్లు చేసుకునేటోళ్ళతో మాట్లాడిన మాటలు

అందరికీ నమస్తే. వెనకున్నోళ్ళకు వినపడుతుందా? సరే. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చిన్రంటే నాకు నిజంగ సంతోషంగ ఉంది, ఎందుకంటే పాత బస్సు కొని మన చేతుల్తోనే ఇల్లు లెక్క చేసుకుందామనేటోళ్ళు హైదరాబాద్‌ల ఇప్పుడిప్పుడే పెరుగుతున్నరు, కానీ కూచొని కరెంటు పని గురించి మాట్లాడుకునే చోటు మాత్రం ఎక్కడా లేదు.

నన్ను అందరూ మొదట అడిగేది ఏందంటే, అన్నా ఏ లైట్లు పెట్టాలె, స్ట్రిప్ మంచిదా స్పాట్ మంచిదా అని. లైట్ల గురించి చెప్త, కానీ ఆఖర్ల చెప్త. లైటు పోతే ఐదు నిమిషాల్ల మార్చుకుంటరు. వైరు అట్ల కాదు. వైరు మీద వేడిని ఆపే ఇన్సులేషన్ షీటు పడతది, దాని మీద ప్లైవుడ్, దాని మీద మైకా, దాని ముందల వంట గట్టు, అల్మారా. రెండేళ్ళ తర్వాత ఆ వైరు దగ్గరికి పోవాలంటే సగం ఇల్లు విప్పాలె. అందుకని ప్లైవుడ్ వెనక్కి పోయే ప్రతి వైరూ మళ్ళీ జన్మల చూడాల్సిన పని లేకుండ ఉండాలె. ఈరోజు నేను చెప్పేదంతా దాని చుట్టే తిరుగుతది.

ముందు మీ బస్సు ఎన్ని వోల్టులదో చూస్కోండి. పెద్ద బస్సులు, అంటే లేలాండ్, టాటా ఛాసిస్ మీద కట్టినయి దాదాపు అన్నీ 24 వోల్టులే, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌ల ఉంటయి. టెంపో ట్రావెలర్ లాంటి చిన్నయైతే 12. మనదగ్గర చానా బస్సులల్ల ఒక అలవాటు ఉంది, మ్యూజిక్ సిస్టమ్‌కి 12 వోల్టులు కావాలని ఆ రెండు బ్యాటరీలల్ల ఒక్కదాని నుంచే వైరు గుంజుతరు. పని నడుస్తది. కానీ ఒక బ్యాటరీ రోజూ ఖాళీ అయితది, ఇంకోటి నిండుగ ఉంటది, ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీలను నింపే ఆల్టర్నేటర్ మాత్రం రెండింటినీ కలిపి ఒక్కటే అనుకొని ఛార్జ్ చేస్తది, అప్పుడు నిండుగ ఉన్నది మరిగిపోతది, ఖాళీది ఎప్పుడూ నిండదు, ఏడాది తిరగకముందే రెండూ పోవచ్చు. 12 వోల్టుల సామాను ఉంటే 24 నుంచి 12 చేసే కన్వర్టర్ పెట్టండి, మధ్యల నుంచి మాత్రం గుంజకండి.

ఇంకోటి, బండి స్టార్ట్ చేసే బ్యాటరీని ఇంటి పనికి వాడకండి. రాత్రంతా ఫ్యాన్ తిప్పుకొని పొద్దున్నే శ్రీశైలం ఘాట్‌ల సెల్ఫ్ కొట్టకపోతే ఎవరొస్తరు? ఇంటి బ్యాటరీ వేరే ఉండాలె, రెండింటి మధ్యల డీసీ టు డీసీ ఛార్జర్, అంటే బండి దిక్కు నుంచి ఇంటి బ్యాటరీకి లెక్క ప్రకారం కరెంటు పంపే డబ్బా, ఉండాలె. లిథియం బ్యాటరీ పెట్టేటోళ్ళకైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే లిథియం లోపల కరెంటుకు అడ్డు చానా తక్కువ, ఆల్టర్నేటర్‌కి నేరుగ కలిపితే ఎంతిస్తే అంత లాగుతది, పాత ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతది. అట్లనే బండి సొంత వైరింగు, హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, వాటి జోలికి పోవద్దు, వాటిల్నుంచి ఒక్క వైరు కూడా ఇంట్లకి తీస్కోవద్దు. పాత సీట్లు, పాత ట్యూబ్‌లైట్లు పీకేసినంక మిగిలిపోయిన వైర్లు ఉంటయి చూడండి, టేపు చుట్టి లోపలికి నూకేస్తరు, అట్ల చెయ్యకండి. టెస్ట్ లైటు పట్టుకొని ఏది ఎక్కడ్నుంచి వస్తుందో కనుక్కొని మొదటి దాకా పోయి తీసెయ్యండి.

ఇంక లెక్క. పెన్ను పేపరు పట్టుకొని కూచోండి, యాప్‌లు ఏం అక్కర్లేదు. 3 వాట్ల లైట్లు 12, రోజుకు ఐదు గంటలు, 180 వాట్ అవర్లు. డీసీ ఫ్యాన్లు 30 వాట్లవి రెండు, ఎనిమిది గంటలు, 480. 24 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఒక 600 అనుకోండి. ఫోన్లు, ల్యాప్‌టాప్ 200. మొత్తం 1460, అంటే మన కరెంటు బిల్లు భాషల సుమారు ఒకటిన్నర యూనిట్. చూసిన్రా, లైట్లు అందరికన్నా చివర్ల ఉన్నయి. లైట్ల కోసం బ్యాటరీ పెంచాల్సిన పని లేదు, ఫ్రిజ్‌కీ ఫ్యాన్లకీ కావాలె. 24 వోల్టుల 100 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్ల, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల రెండున్నర యూనిట్లు ఉంటయి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు సిరీస్‌ల పెడితే కాగితం మీద 3.6 యూనిట్లు, కానీ లెడ్ యాసిడ్‌ని సగం కన్నా కిందికి దించొద్దు, దించితే ఆయుష్షు పోతది, కాబట్టి చేతికొచ్చేది 1.8. పైగా ఒక్కోటి యాభై కిలోల పైన బరువు, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదుల్తది, మంచం కింద పెట్టుకునే వస్తువు కాదు.

24 వోల్టుల బస్సు ఉన్నోళ్ళు ఇంట్ల కూడా 24 మీదనే ఉండండి అని నేను గట్టిగ చెప్తా. ఎందుకో చూడండి. బ్యాటరీ నుంచి పది మీటర్ల దూరంల వెనక బెడ్‌రూమ్ ఉంది, అక్కడ మొత్తం లోడు 120 వాట్లు. 2.5 వైరు, అంటే లోపలి రాగి 2.5 స్క్వేర్ ఎంఎం ఉన్నది, వేసిన్రు. పోను రాను ఇరవై మీటర్ల రాగి, దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, 0.14 ఓమ్‌లు. 12 వోల్టులైతే 10 ఆంపులు పోవాలె, దారిల 1.4 వోల్టులు పోతది, లైటుకు చేరేది 10.6. 24 అయితే 5 ఆంపులే, పోయేది 0.7, చేరేది 23.3. అదే వైరు, అదే పని, దారిల వేడిగ వృథా అయ్యేది 14 వాట్ల నుంచి మూడున్నరకు దిగింది. ఇక్కడ చానామంది ఒక్క దిక్కు దూరమే లెక్కేస్తరు, వైరు తిరిగి రావాలె కదా, రెండు దిక్కులా లెక్కెయ్యాలె. నెగటివ్‌కి బాడీనే వాడుకుంటాం అంటరు కొందరు, బండి తయారు చేసిన కంపెనీ చేసినట్టు. పాత బస్సు బాడీ తుప్పు పట్టి, రివెట్లు వదులై ఉంటది, దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు, నెగటివ్ వైరు కూడా రాగిదే గుంజండి.

ఇప్పుడు ఫ్యూజు. జర జాగ్రత్తగ వినండి, ఇవ్వాళ ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటాం అనేటోళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఫ్యూజు ఉండేది లైటును కాపాడనీకి కాదు, వైరును కాపాడనీకి. ఈ తేడా మెదడుకెక్కితే ఫ్యూజు ఎక్కడ పెట్టాలె, ఎంతది పెట్టాలె అనే రెండు ప్రశ్నలకూ జవాబు దానంతటదే వస్తది. ఒక 150 ఏహెచ్ బ్యాటరీ షార్ట్ అయితే వెయ్యి ఆంపుల పైనే ఇచ్చేస్తది. మీ 2.5 వైరు ఇరవై ఆంపుల దగ్గరనే చెమటలు కక్కుతది. వెయ్యి వస్తే కొన్ని సెకన్లల్ల ఎర్రగ కాలి, పైన ప్లాస్టిక్ అంటుకొని, పక్కనున్న ఫోమును అంటిస్తది. మరి ఫ్యూజు లైటు దగ్గర పెట్టినోళ్ళకు ఏమైతదంటే, బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యల పది మీటర్ల వైరు ఏ కాపలా లేకుండ ఉంటది, మధ్యల ఎక్కడన్నా ఒక స్క్రూ దిగిందనుకోండి, ఆ ఫ్యూజుకు ఆ సంగతే తెల్వదు. కాబట్టి ఫ్యూజు కరెంటు మొదలయ్యే కొసకి, బ్యాటరీ ప్లస్‌కి ఎంత దగ్గర వీలైతే అంత దగ్గర, జానెడు దూరంలనే ఉండాలె. ఆడ్నుంచి లావు వైరు ఫ్యూజు బాక్సుకు పోతది, బాక్సుల మళ్ళీ ఒక్కో లైనుకు ఒక్కో ఫ్యూజు.

సైజు ఎంతంటే, మన ఎండలను లెక్కలేసుకొని 1.5 వైరుకు 10 ఆంపులు, 2.5కు 15, 4కు 20, ఇంతకన్నా పైకి పోవద్దని నా మాట. బ్లేడ్ ఫ్యూజులకు రంగులుంటయి, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. నీలం పదే పదే పోతుందని పసుపు పెట్టేటోళ్ళున్నరు, ఫ్యూజు పదే పదే పోతుందంటే వైరు మీకేదో చెప్తుందన్నట్టు, దాని నోరు మూయకండి. వైరు పెంచండి లేదా లోడు తగ్గించండి. ఇన్వర్టర్ లైను వేరు. 24 మీద 2000 వాట్ల ఇన్వర్టర్ నిండు లోడుల సుమారు 100 ఆంపులు గుంజుతది, దానికి 35 స్క్వేర్ ఎంఎం కేబులు, 125 ఆంపుల ఫ్యూజు. లిథియం అయితే క్లాస్ టీ ఫ్యూజు దొరికితే అదే తీస్కోండి, షార్ట్ అయినప్పుడు వచ్చే అంత పెద్ద కరెంటును అది తెంపగలుగుతది, మామూలు ఫ్యూజుల లోపల కరిగిన గ్యాప్‌ల నుంచి మంట దాటిపోయే ప్రమాదం ఉంటది.

స్విచ్చుల సంగతి కూడా ఇక్కడనే చెప్తా. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దగ్గరికి వస్తది, అందుకని స్విచ్ తీసినప్పుడు పుట్టిన నిప్పురవ్వ దానంతటదే ఆరుతది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు సున్నాకు రాదు, రవ్వ అట్లనే నిలబడి కాంటాక్టును తింటది. ఇంట్ల వాడే మామూలు స్విచ్ ఒకట్రెండు ఆంపుల ఎల్ఈడీలకు నడుస్తదేమో గాని, పంపుకు, ఫ్రిజ్‌కు, మెయిన్‌కు పెట్టొద్దు. షార్ట్ అయితే దానంతటదే పడే ఎంసీబీ స్విచ్ కొంటే దాని మీద డీసీ అని, ఎన్ని వోల్టులని రాసి ఉందా చూసి కొనండి.

ఇల్లు కదలదు, బస్సు ఊగుతది. ఇది మన ఇండ్లల్ల వైరింగ్ చేసే మంచి మంచి మిస్త్రీలు కూడా మర్చిపోతరు. ఇంటి పనిల వైరు మెలేసి టేపు చుడితే ముప్పై ఏండ్లు ఉంటది, బస్సుల ఓఆర్ఆర్ దాటి కంకర రోడ్డెక్కంగనే వదులు మొదలైతది. సింగిల్ కోర్ గట్టి తీగ అసలు వద్దు, సన్నని పోగులున్న మల్టీస్ట్రాండ్ వైరే కావాలె. జాయింటుకు సోల్డర్ వద్దా అని అడుగుతరు, వద్దు, సోల్డర్ పోగుల్లకి పాకి అక్కడి దాకా గట్టిపడతది, గట్టిదీ మెత్తదీ కలిసే చోట ఊగి ఊగి తెగుతది. లగ్, అంటే వైరు కొసకు తొడిగే రాగి ముక్క, పెట్టి క్రింప్ చెయ్యాలె, అంటే వైరును పట్టుకునేటట్టు నొక్కాలె, మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కుడు కాదు, ర్యాచెట్ క్రింపర్‌తో. నొక్కినంక చేత్తో గట్టిగ గుంజి చూడండి, ఊడితే మీ అదృష్టం, ఇప్పుడే ఊడింది. పైన హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించండి. ఇనుప ఫ్రేముల రంధ్రం చేసిన ప్రతిచోటా రబ్బర్ గ్రోమెట్, అంటే రంధ్రం అంచుకు తొడిగే రింగు, ఒక్కచోట కూడా వదలొద్దు, రేకు అంచు కత్తి లెక్కనే. వైర్లన్నీ ఫ్లెక్సిబుల్ పైపులల్ల పోవాలె, అడుగున్నరకు ఒక క్లాంప్.

ఆటోనగర్‌ల ఒక బస్సు చూసిన, లోపల పని మస్తుగ చేసిన్రు, టేకు వెనీర్, అందమైన స్ట్రిప్ లైట్లు. ప్యానెల్ బిగించేటప్పుడు ఒక సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ వైరు పక్క నుంచే, కవర్‌ను రాసుకుంటూ పోయింది. నెలలు ఏం కాలే. తర్వాత వైరు స్క్రూకు రుద్దుకొని రుద్దుకొని, ఒకరోజు రాత్రి ప్యానెల్ వెనక నుంచి వాసన. ఫ్యూజు ఉంది కాబట్టి అక్కడితో ఆగింది. దీనికి మందు చానా చవక. వైర్లన్నీ ఒకే ఎత్తుల గుంజండి, అడ్డం ఎన్ని అంగుళాలు, నిలువు ఎక్కడ దిగుతదో ప్లైవుడ్ మీద పెన్సిల్ గీత పెట్టండి, మూసే ముందు టేపు కొలత కనపడేటట్టు ప్రతి గోడ ఫోటో తీస్కోండి. రెండు కొసలకూ నంబర్లు అంటించండి. పైపులల్ల ఒక నైలాన్ దారం ఖాళీగ వదిలిపెట్టండి, రేపు ఇంకో వైరు కావాలంటే దానికి కట్టి గుంజుకోవచ్చు.

వేడి గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే ఇంటర్నెట్ల ఉన్న లెక్కలన్నీ చల్లటి దేశాలయి. మనకు మే నెలల బయట 42, 43 ఉంటే బస్సు పైరేకు చెయ్యి పెట్టలేనంత కాలుతది. ఇండ్లకు వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే తట్టుకుంటది. రేకు కింద అప్పటికే 60 ఉంటే ఇంక కరెంటు వేడికి మిగిలింది పది డిగ్రీలే. కాబట్టి పైకప్పుల నడిచే వైరు ఒక సైజు లావుగ తీస్కోండి, వీలైతే బండ్లకు వాడే 105 డిగ్రీల రకం తీస్కోండి. రేకుకు, ఇన్సులేషన్‌కు మధ్యల కాకుండ ఇన్సులేషన్‌కు ఇటు, ఇంటి దిక్కున నడిపించండి. సోలార్ ప్యానెల్ కూడా అంతే, ఎండ ఎక్కువైతే ఎక్కువ వస్తదనుకుంటం, కానీ సెల్లు 25 డిగ్రీలు దాటి వేడెక్కిన కొద్దీ డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతది, 65 డిగ్రీల సెల్లు అంటే 14 శాతం పోయినట్టే. ప్యానెల్ కింద గాలాడే సందు వదలండి.

సామాను కొనుడు గురించి ఎక్కువ చెప్ప. వైరు, ఎంసీబీలు ట్రూప్ బజార్‌ల, ఎల్ఈడీలు, డిమ్మర్లు, కన్వర్టర్లు కోఠి గుజరాతీ గల్లీల, లగ్గులు, గ్రోమెట్లు, క్లాంపులు రాణిగంజ్‌ల దొరుకుతయి. వైరు కొన్నప్పుడు కొస చెక్కి చూడండి, రాగి పోగులు నిజంగ రాగియేనా, లేక అల్యూమినియం మీద రాగి పూతనా. కత్తితో గీస్తే లోపల తెల్లగ కనపడతది.

ఇప్పుడు కష్టమైన మాట. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి మన ఊరికి వస్తున్న బస్సు కల్వర్టుకు గుద్దుకొని కాలిపోయింది, 45 మంది పోయిన్రు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరుల మళ్ళీ అదే రోడ్డు మీద, ఈసారి ఇక్కడ్నుంచి బెంగళూరు పోతున్న బస్సు, 19 మంది ప్రయాణికులు పోయిన్రు. రెండూ మొదలైంది గుద్దుకోవడంతో, నేను వాటిని వైరింగ్ మీదికి నెట్టట్లే. కానీ బస్సు అంటుకుంటే ఎంత టైమ్ ఉంటదో ఆ రెండూ మనకు చూపించినయి. మనం ఏం చేస్తున్నం? ఆ బస్సుల కన్నా ఎక్కువ ప్లైవుడ్, ఎక్కువ ఫోము, పరుపులు, గ్యాస్ సిలిండరు, బ్యాటరీ, అన్నీ ఒకే డబ్బాల పెడుతున్నం, అండ్ల మన పిల్లల్ని పండబెడుతున్నం. అందుకని మొత్తం కరెంటును ఒక్కసారి తెంపే మెయిన్ ఐసోలేటర్ స్విచ్ బయట నుంచి కూడా చెయ్యి అందేటట్టు పెట్టండి. ఎమర్జెన్సీ డోర్‌కు అడ్డంగ వంట గట్టు కట్టకండి, నేను చూసినయిల చానా వాటిల అదే చేసిన్రు. తలుపుకు కరెంటు లాక్ పెడితే చేత్తో తీసేది కూడా ఉండాలె, కరెంటు పోయినా తెరుచుకోవాలె. ఫైర్ సిలిండర్ ఒకటి తలుపు దగ్గర, ఒకటి మంచం దగ్గర. స్మోక్ అలారం కొన్ని వందల రూపాయలే, పెట్టండి.

సరే, లైట్లు. 24 వోల్టుల బస్సు అంటం గాని ఛార్జ్ అయ్యేటప్పుడు అది 28, 29 దాకా పోతది. 24 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌ల ఏడు ఎల్ఈడీలు వరుసగ ఉంటే వాటికి 21 వోల్టులు పోను మిగిలిన 3 వోల్టులను చిన్న రెసిస్టర్ మింగుతది. 28 ఇస్తే ఆ రెసిస్టర్ మీద పడేది రెట్టింపు దాటొచ్చు, అంటే కరెంటు కూడా దాదాపు అంతే పెరుగుతది. మొదట్ల మస్తు వెలుగిస్తది, నెలల్ల ఒక్కో ముక్క నల్లబడతది. స్ట్రిప్ చెడ్డది కాదు, దానికి ఇచ్చిన కరెంటు చెడ్డది. 24 దగ్గర నిలబెట్టే చిన్న రెగ్యులేటర్ ఒకటి లైట్ల లైనుకు ముందల పెట్టండి, లేదంటే 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకుంటయని రాసి ఉన్న స్పాట్లే తీస్కోండి. స్ట్రిప్‌ను ప్లైవుడ్‌కు నేరుగ అంటించకండి, అల్యూమినియం ప్రొఫైల్‌ల పెట్టండి, వేడి దాంట్లకి పోతది, మీద మూత ఉంటే చుక్కలు కనపడవు.

రంగు విషయంల నాకు గట్టి అభిప్రాయమే ఉంది. 6500 కెల్విన్ తెల్లలైటు ఇంటి లోపల వద్దు. రెండున్నర మీటర్ల వెడల్పు డబ్బాల ఆ లైటు పడితే ఆస్పత్రి వరండా అయితది. 2700 లేదా 3000, అంటే పసుపు వెలుగు, పెట్టుకోండి, వంట గట్టు మీద ఒక్కటి 4000 ఉండొచ్చు. ఇంకో లాభం, వానాకాలం మొదట్ల అనంతగిరి దిక్కో సాగర్ దిక్కో ఆపుకున్నోళ్ళకు తెలుసు, ఉసిళ్ళు లైటుకు ఎట్ల ముసురుతయో. పసుపు లైటుకు తెల్లదాని కన్నా తక్కువ వస్తయి. తలుపు దగ్గర బయట లైటుకైతే ఇంకా పసుపుది పెట్టండి. బయట లైట్లంటే గుర్తొచ్చింది, బండి ముందుకు ఎర్ర లైటు చూపించొద్దు, వెనక్కి ఎరుపు తప్ప ఇంకోటి వద్దు, నంబర్ ప్లేటు లైటు, రివర్స్ లైటు వేరే. డ్రైవర్ వెనక ఏ లైటు వేసినా ముందు అద్దంల కనపడతది, రాత్రి నడిపేటప్పుడు ప్రమాదం. ముందరి భాగం లైట్లను వేరే లైను చేసి ఇగ్నిషన్ ఆన్ అయితే ఆఫ్ అయ్యేటట్టు ఒక రిలే, అంటే కరెంటుతో నడిచే స్విచ్, పెట్టండి. మంచం దగ్గర ఒకటి, తలుపు దగ్గర ఒకటి టూ వే స్విచ్. లైట్లన్నీ ఒకే ఫ్యూజు మీద పెట్టకండి, కనీసం రెండు, ఒకటి పోతే ఇంకోదాని వెలుగుల రిపేరు చేసుకోవచ్చు.

230 వోల్టుల దగ్గర మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకోండి. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే పడే స్విచ్, లేకుండ ఒక్క సాకెట్ కూడా వద్దు. బయట కరెంటు, ఇన్వర్టర్ కరెంటు రెండూ ఒకేసారి కలవకుండ చేంజ్ ఓవర్ ఉండాలె. ఇన్వర్టర్ న్యూట్రల్, ఎర్త్ ఎట్ల కలుస్తున్నయో ఆయనతో మీటర్ పెట్టించి చూడండి, ఎందుకంటే రెండూ ఎక్కడా కలవకపోతే లీకేజీ కరెంటుకు తిరిగొచ్చే దారి ఉండదు, ఆర్‌సీసీబీ ఉన్నా పడదు. ఛాసిస్‌ను ఎర్త్‌కు కలపాలె. ఢాబా దగ్గర ప్లగ్ పెట్టే ముందు ఆ సాకెట్‌ల ఎర్త్ ఉందా చూసే చిన్న టెస్టర్ వస్తది, అది జేబుల ఉంచుకోండి. ఎర్త్ లేకపోతే ఆ రోజు బ్యాటరీ మీదనే ఉండండి.

చట్టం గురించి ఒకాయన పొద్దున అడిగిన్రు. మోటార్ వాహనాల చట్టం 1988, సెక్షన్ 52, బండిని మార్చుడు గురించి ఉన్నది అదే, అది చదవండి. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేటట్టు మార్చొద్దని చెప్పింది. సీట్లు తీసే ముందే ఆర్టీఏ ఆఫీసుకు పోయి కాగితం మీద అడగండి, పని అయినంక కాదు.

ఆ, చెప్పండమ్మా. ఏసీ పెట్టుకోవచ్చా అంటున్నరు. పెట్టుకోవచ్చు, లెక్క చూసి పెట్టుకోండి. ఒక టన్ను ఇన్వర్టర్ రకం, చల్లబడ్డాక తగ్గి నడిచినా రాత్రి ఎనిమిది గంటలకు నాలుగైదు యూనిట్లు తింటది. ఇందాక మన ఇల్లంతా కలిపి ఒకటిన్నరే. అంటే 24 వోల్టుల 200 ఏహెచ్ లిథియం ఒక్క రాత్రిల ఖాళీ. మళ్ళీ నింపనీకి 540 వాట్ల ప్యానెళ్ళు మూడు కావాలె, మంచి ఎండల మన దగ్గర మూడూ కలిపి రోజుకు ఆరు యూనిట్లిస్తయి, మీద బరువు ఫ్రేముతో కలిపి వంద కిలోల దాకా పోతది. పైసలు ముందు పైకప్పు ఇన్సులేషన్ మీద పెట్టండి, తర్వాత ఒక వేసవి డీసీ ఫ్యాన్లతో ఉండి చూడండి. కానీ ఏసీ లైనుకు 4 స్క్వేర్ వైరు మాత్రం ఇప్పుడే గుంజి పెట్టుకోండమ్మా, ప్లైవుడ్ కొట్టకముందే.

ఇంక ఇక్కడ టేబుల్ మీద వైరు, లగ్గులు, రెండు రకాల క్రింపర్లు పెట్టిన. ఒక్కొక్కరు వచ్చి రెండు లగ్గులు నొక్కి, గుంజి చూడండి. ఊడినయి నాకు ఇవ్వండి, ఎందుకు ఊడిందో కోసి చూపిస్తా.